తోమా ఉపవాసం

బాపట్ల వైపు నుంచి వచ్చిన బండి దిగి, తెనాలి స్టేషన్లో రేపల్లె బండి ఆగే చోటికి నడిచి, నీడపట్టున ఉన్న బెంచీ చూసుకుని కూలబడ్డాక రిబ్కా పంతులమ్మకి మొట్టమొదట తోచిన మాట, హాయిగా ఉంది అని. తోచిన మరుక్షణమే సిగ్గేసింది. హాయేంటి నీ మొహం, కాళ్ల దగ్గర గోనెపట్టా మీద తోమా ఆ అవస్థలో పడి ఉంటే, వాడి సంగతి డాక్టరుగారు అంత విడమరిచి చెప్పాక కూడా హాయేంటి, అని తనని తనే తిట్టుకుంది. తిట్టుకున్నా హాయి ఏమీ తగ్గలేదు. చెట్టు నీడలోంచి గాలి వస్తోంది. తోమా తన గడ్డం తెచ్చి ఆమె పాదం మీద ఆనించాడు, ఆ బరువు బాగుంది, జ్వరంతో వెచ్చగా ఉన్నా బాగుంది. బండికి ఇంకా గంట టైముంది. ఈ గంటలో ఆమె తేల్చుకోవాల్సింది ఒక్కటే. తోమాని బండెక్కించి ఇంటికి తీసుకుపోవటమా, లేకపోతే స్టేషను బయట రెండు సందుల అవతల ఉన్న పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లి వాడికి ఆ సూది వేయించటమా. ఆలోచించాల్సింది అదొక్కటే కాబట్టి ఆమె బుర్ర అది తప్ప తక్కినవన్నీ ఆలోచిస్తోంది. ఆ పక్క ఎర్రజెండా చుట్టి చంకలో పెట్టుకున్న పోర్టరు ఇంకో పోర్టరుతో వచ్చే నెల సమ్మె ఖాయమనీ, దేశం మొత్తం మీద చక్రం కదలదనీ చెబుతున్నాడు. కదలకపోతే పోయింది, ఇవాళ కదిలితే చాలు, అనుకుంది. అనుకుని, అంటే ఎక్కడానికే తీర్మానించుకున్నావా అని తన్ను తనే పట్టుకుంది.

వెంకటప్పయ్యగారు మంచివాడు. పశువుల డాక్టరుగా రిటైరై బాపట్లలో స్థిరపడి చాలా కాలమైనా ఆ చుట్టుపక్కల గేదెకి బాగాలేకపోయినా ఎద్దుకి బాగాలేకపోయినా ఆయన అరుగు మీదికే వస్తారు. కుక్కని వెంటేసుకుని రెండు రైళ్లు మారి వచ్చినావిడ మాత్రం నువ్వేనమ్మా అన్నాడు, ఎగతాళిగా ఏం కాదు. ఆయన తోమా పెదవి మడిచి ఆమెకి చూపించాడు. చిగుళ్లు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. రోజూ ముద్ద పెట్టే నోరే కదా అది, ఎప్పుడు చూసింది కనక. కళ్లల్లో తెల్లగుడ్డు పసుపు తిరిగింది. పక్కటెముకల కింద తడిమి, కడుపులో బల్ల పెరిగింది, ప్లీహం వాచింది చూడమ్మా అంటే ఆమె కూడా చెయ్యి పెట్టి చూసింది, లోపల ఏదో గట్టిగా, అక్కడ ఉండకూడనంత గట్టిగా తగిలింది. చెవి కొసన సూదితో పొడిచి ఒక చుక్క తీసి గాజుపలక మీద పూసి, ఏదో రంగునీళ్లలో ముంచి ఆరబెట్టి, లోపలి గదిలో గుడ్డ కప్పి పెట్టుకున్న మైక్రోస్కోపు కింద పెట్టి, ఆయన కన్ను ఆనించి పలకని అటూ ఇటూ జరిపాడు. వంటింట్లోంచి ఇంగువ పోపు వాసన వస్తోంది, రిబ్కాకి ఆ దుఃఖంలోనూ ఆకలేసింది. కడుపుకి సిగ్గెక్కడిది.

"రక్తంలో కాపలావాళ్లుంటారమ్మా," అన్నాడాయన కన్ను ఎత్తకుండానే. "చచ్చిన కణాల్నీ, చెత్తనీ తినేసి శుభ్రం చేస్తుంటారు. దీనికి ఆ కాపలావాళ్లకే పిచ్చెక్కింది. గుంపులు గుంపులుగా పెరిగిపోయి మంచి రక్తాన్నే తినేస్తున్నారు. కంచే చేను మేస్తోంది."

దీన్నేమంటారండి అని అడిగింది. కేన్సరే, రక్తానికి పట్టిన కేన్సరు, ఒట్టి దూకుడు జబ్బు అన్నాడు. కుక్కలకి కూడా వస్తుందా అండీ అంటే, కుక్కలేం చేశాయమ్మా, అవి మాత్రం ప్రాణులు కావూ, అన్నాడు. ఆ మాటకి ఆమెకి చప్పున ఏడుపొచ్చింది గాని ఏడవలేదు. ఇదే బాపట్లలో ట్రైనింగు చేసే రోజుల్లో హాస్టలు దొరసాని ఉండేది, నలుగురిలో ఏడవటం నాటుతనం అనేది, ఏడుపొస్తే లెక్కలు చేసుకోమనేది. పదమూడో ఎక్కం సగంలో ఉండగా మందేమన్నా ఉందా అండీ అని అడిగింది. లేదు, ఉందని చెప్పి నిన్ను తిప్పుకోలేను అన్నాడు. ముందే తీసుకొస్తే బతికేవాడా అండీ అని అడిగింది, ఇది అడగటానికే ఆమె ఇంత దూరం వచ్చింది. మొదటి రోజునే తెచ్చినా ఇదే మాట చెప్పేవాణ్ణి అన్నాడాయన. అదిగో, ఆ హాయి అక్కడ పుట్టింది. ఇప్పుడు దొరికింది దాని మూలం. ఒక బండరాయి ఎవరో దించినట్టు అక్కడే, ఆ అరుగు మీదే ఆమె భుజాలు తేలికపడ్డాయి.

ఎందుకంటే తప్పు జరిగింది. ఒకరు చేసింది కాదు, చర్చి సంఘం సంఘమంతా కలిసి చేసింది. అరవైతొమ్మిది తుఫానప్పుడు నీళ్లు తీసిన మర్నాడు రిబ్కా భర్త వరప్రసాదం, తాలూకాఫీసు గుమాస్తా, ఆదివారాల్లో గుళ్లో హార్మోనియం వాయిస్తాడు, హార్మోనియం ఏమైందోనని పరుగెత్తుకు వెళ్లి హార్మోనియంతో కాక చొక్కాలో ఒక పిల్లకుక్కతో తిరిగొచ్చాడు. ఏది పెట్టినా ముక్కుతో మూడు వైపుల నుంచీ వాసన చూసి, కాలితో కదిపి, అప్పటికిగాని నమ్మేవాడు కాదు కాబట్టి, ప్రభువు గాయాలు తాకి చూస్తేగాని నమ్మని శిష్యుడి పేరే, తోమా అని పడింది. అపొస్తలుడి పేరు కుక్కకా అని గుళ్లో ప్రసంగం చెప్పే అయ్యగారు కళ్లెర్రజేశారు, వారం తిరక్కుండా ఆయనే వీధిలోంచి తోమా తోమా అని పిలవటం మొదలుపెట్టారు. ప్రార్థన చెప్పుకుని ఆమేన్ అన్నాక తినటం ఇంట్లో అలవాటు, తోమాకీ అదే అబ్బింది, గిన్నె ముందు చొంగ కార్చుకుంటూ కూర్చుంటాడేగాని ఆమేన్ పడందే మూతి పెట్టడు. వరప్రసాదం ఒక్కోసారి వాణ్ణి ఉడికించటానికి ప్రార్థన సాగదీసేవాడు, దేశాన్నీ, పాలకుల్నీ, కాలవల్లో నీళ్లనీ అన్నిటినీ జ్ఞాపకం చేసుకునేవాడు, తోమా సన్నగా మూలిగేవాడు, రిబ్కా నవ్వు ఆపుకోలేక చెంగు అడ్డం పెట్టుకునేది. ఇంటికెవరొచ్చినా ఈ వింత చూపించకుండా పంపేవాళ్లు కాదు. పిల్లలు లేని ఇల్లు, చూపించుకోవటానికి ఏదో ఒకటి ఉండాలిగా.

అలాంటి కుక్క ఈ ఏడు శ్రమదినాలు మొదలైన వారంలోనే తిండి మానేస్తే ఏమనుకుంటారు ఎవరైనా. రిబ్కా ఏటా ఆ రోజుల్లో చేపా మాంసం ముట్టదు, ఈస్టరు నాడే మళ్లీ. తోమాకి మాత్రం ఆ ఆంక్ష లేదు, వాడి ముక్క వాడికి పక్కింటి సారా పంపుతూనే ఉంటుంది. ఒకరోజు ఆ ముక్క ముందు ఆమేన్ అన్నా వాడు కదల్లేదు. ఇంకోసారి ఆమేన్ అన్నారు. మొహం అటు తిప్పుకుని తలుపు పక్కన పడుకున్నాడు. అమ్మగారు మానేశారు కాబట్టి వాడూ మానేశాడు అంది సారా. అంతే, ఆ మాట గాలికన్నా ముందు పరుగెత్తింది. తోమా ఉపవాసం ఉంటున్నాడట. సాయంత్రం ఇళ్లల్లో ప్రార్థనలకి వచ్చినవాళ్లు వాణ్ణి చూట్టానికి వచ్చారు, మధ్యాహ్నం బడి వదిలాక పిల్లలొచ్చారు, గంజి నాలుగు చుక్కలు నాకితే అది కఠినోపవాసం కాదు, మామూలు ఉపవాసం అని తేల్చారు. కోళ్లని తరమటం మానేశాడు, శాంతం అన్నారు. కళ్లు మూసుకుని పడుకుంటున్నాడు, ధ్యానం అన్నారు. అయ్యగారు ప్రసంగంలో తోమా పేరెత్తి, మనుషులమైన మనం, అని ఒక్కసారి ఆగి అందర్నీ చూశారు, ముందు వరసలో రిబ్కా వీపు జానెడు నిటారుగా లేచింది. గర్వమే. లేదని ఎందుకు అనుకోవాలి. బళ్లో కూడా చెప్పుకుంది. వాడేమో పాపం గుమ్మం దగ్గర కూర్చుని, లోపల మంచి రక్తం తరిగిపోతుంటే, చూడవచ్చిన ప్రతివాడికీ మర్యాదగా తోక ఆడించేవాడు, రోజుకింత తక్కువగా. పోయిన ఆదివారం మట్టల ఆదివారం, ఈతాకులు పట్టుకుని పిల్లలు వీధిలో పాడుకుంటూ పోతుంటే వాడి ముక్కులోంచి ఎర్రగా ఒక చుక్క గుమ్మం మీద పడింది, ఇంకోటి పడింది. సారా మోకాళ్ల మీద కూర్చుండిపోయి, గెత్సేమనే తోటలో ప్రభువు చెమట రక్తబిందువుల్లా పడిందని రాసుంది కదమ్మా, అంది. అప్పుడు వరప్రసాదం ఏనాడూ గొంతెత్తని మనిషి అరిచాడు, "చాలు సారా, ఇంక చాలు. వాడు కుక్క. వాడికి ఒంట్లో బాగాలేదు." వీధిలో పిల్లలు పాట ఆపేశారు. ఆ మాట తనకి ఎందుకు తట్టలేదా అని రిబ్కా ఆ వారమంతా నలిగిపోయింది, ఇవాళ వెంకటప్పయ్యగారు దాన్ని ఒక్క ముక్కలో తీసేశాడు, మొదటి రోజున తెచ్చినా ఇదే. ఆయన చల్లగా ఉండాలి.

పంపు దగ్గర్నుంచి దోసిట్లో నీళ్లు తెచ్చి పడితే తోమా నాలుగు గుటకలు తాగాడు. ఎగరొప్పుతున్నాడు. తెనాలి ఆసుపత్రిలో మా శిష్యుడు హనుమంతరావు ఉన్నాడు, నేను పంపానని చెప్పు, సూది వేస్తాడు, నిద్రపోయినట్టే పోతుంది, అని డాక్టరుగారు చెప్పటం చెప్పాడు. ఆమె వెంటనే అడిగింది, రేపు పొద్దుటిదాకా ఉంచుకోవచ్చా అండీ అని. రేపు ఈస్టరు. చీకటుండగానే సంఘమంతా పాడుకుంటూ సమాధుల తోటకి వెళుతుంది, ఏటా ఆ ఊరేగింపుకి ముందు నడిచేది తోమానే, ఎవరూ నేర్పలేదు, దారి వాడిదే అన్నట్టు తోకెత్తుకుని నడుస్తాడు. ఇవాళ పొద్దున్న వరప్రసాదం సున్నం బకెట్టు పట్టుకుని తోటకి పోతూ, తీసుకొచ్చెయ్యి రిబ్కా, నడవలేకపోతే నేను ఎత్తుకుంటాలే, అన్నాడు. అందరూ చూస్తారు. అదిగో తోమా వచ్చాడు అంటారు. రేపొక్క పొద్దు, ఎక్కువ అడగటం లేదు కదా. ఉంచుకోవచ్చు, అన్నాడు వెంకటప్పయ్యగారు, ఈ రాత్రి నుంచీ ఊపిరి అందక కష్టపడుతుంది, అయినా ఉంచుకోవచ్చు, కాకపోతే దాని కోసం ఉంచుకుంటున్నావా, నీ కోసమా అన్నది నువ్వే చూసుకో. ఇంకెవరైనా అంటే ఒళ్లు మండేది. వాడికి ఊరేగింపంటే ఇష్టం అని చెప్పబోయింది, చెప్పలేదు. ఇష్టమే, కానీ వాడికి రేపు ఈస్టరని తెలుసా. తెలుసని నమ్మటం మొదలుపెడితే మళ్లీ అదే దారి, మళ్లీ ఉపవాసం, ధ్యానం, గెత్సేమనే. గాలి చల్లగా తగులుతోంది, తోమా చెవి వెనక మెత్తటి చోట ఆమె వేళ్లు వాటంతటవే తిరుగుతున్నాయి, ఈ గంట ఇలాగే ఆగిపోతే ఎటూ వెళ్లక్కర్లేదు గదా అనుకుంది. ఐదేళ్లు. ఏం తక్కువైంది. చలికాలం ఆమె కాళ్ల మీద పడుకుని కాళ్లు తిమ్మిరెక్కించేవాడు, లేపటానికి మనసొప్పక తిమ్మిరితోనే పొద్దు గడిపేది. అది సుఖమని అప్పుడూ తెలుసు ఆమెకి, పోయాక తెలుసుకునే రకం కాదు.

"కాస్త జరగండమ్మగారూ," అంటూ ఒకామె గంప దించి బెంచీ ఇటు కొసన చతికిలబడింది. అడవులదీవి నుంచి ఎండుచేపలు తెచ్చి తెనాలిలో అమ్ముకుని పోతోందట, పేరు మంగాయమ్మట, ఎండకి బేరాలే లేవట, కుక్కకేం జబ్బట. అడిగినవీ అడగనివీ అన్నీ ఒక్క ఊపిరిలో అనేసి, కొంగుతో మొహం తుడుచుకుని, కళ్లు మూసుకుంది. కేన్సరు అని చెప్పబోయి, రక్తం తక్కువైందిలే అక్కా అంది రిబ్కా. పాదం మీద బరువు తేలికైనట్టనిపించింది. వంగి చూస్తే గడ్డం అక్కడ లేదు. గోనెపట్టా మీంచి తోమా పొట్ట ఈడ్చుకుంటూ, ముందుకాళ్లతో జరుగుతూ, ఇంత నక్కి నక్కి జరిగి గంప పక్కకి చేరాడు. పైన కప్పిన గుడ్డ ముక్కుతో ఎత్తాడు. ఇటు వాసన చూశాడు, అటు వాసన చూశాడు. ఒక నెత్తలి చేపని లాగాడు. ప్రార్థన లేదు, ఆమేన్ లేదు, సందేహమన్నా లేదు. కరకర నమిలాడు.

"ఓరోరి, దొంగముండాకొడుకు!" అని మంగాయమ్మ లేచింది. అంతలోకే తగ్గి, "జబ్బన్నారు కదమ్మా, తింటన్నాడుగా," అంది.

"తింటున్నాడక్కా," అంది రిబ్కా. ఇంకా ఈస్టరు రాలేదు. రేపటిదాకా ఆగలేకపోయాడు. కఠినోపవాసం కాదు, మామూలు ఉపవాసం కాదు, సంఘమంతా చూడవచ్చిన భక్తుడు తెనాలి ప్లాట్‌ఫారం మీద బెస్తామె గంపలో దొంగతనం చేశాడు. ఆమెకి నవ్వొచ్చింది, మొదట చిన్నగా, తర్వాత ఆపుకోలేనంత, దొరసాని ఏడవొద్దందిగాని నవ్వొద్దనలేదు, పోర్టర్లు సమ్మె మాటలు ఆపి ఇటు చూశారు. ఆమె నవ్వుకి తోమా తలెత్తి చూసి తోక ఆడించాడు, పాత తోక, కోళ్లని తరిమొచ్చిన రోజుల తోక. వరప్రసాదం ఉంటే ఎంత బాగుండేది, చెప్పాలి, ఇంటికి వెళ్లగానే మొట్టమొదట ఇది చెప్పాలి. ఇంకో గుప్పెడు నెత్తళ్లు కొని చెంగులో కట్టించుకుంది. తింటున్నాడు కదా, మొదలైంది కదా తిండి, డాక్టర్లు మాత్రం దేవుళ్లా, ఒక చుక్కలో ఏం కనపడుతుంది, ఇంటికి తీసుకెళ్లి ఇంత గంజిలో కలిపి పెడితే, అని ఆశ ఎక్కడినుంచి వచ్చిందో అప్పుడే రేపల్లెదాకా పట్టాలు వేసేసింది. దూరంగా బండి కూత వినపడింది. తోమా రెండో చేప అందుకోబోయి, మధ్యలో ఆగి, ఎగరొప్పి, మళ్లీ అందుకున్నాడు. వాడి ముక్కు కొసన ఎర్రగా తడి. చెంగుతో తుడిచింది. ఆరిపోయే ముందు దీపం ఇలాగే గుప్పున వెలుగుతుంది, ఆ సంగతి ఆమెకి తెలియనిదేం కాదు, కన్నతల్లి విషయంలోనూ చూసింది, ఆవిడా చివర్లో లేచి కూర్చుని మాగాయ అన్నం అడిగి తింది. దాన్ని చూసి అందరూ మురిసిపోయారు, ఇక ఫరవాలేదన్నారు, ఆ తర్వాత ఆవిడ పడ్డ బాధ పగవాళ్లకి కూడా వద్దు. రాత్రి నుంచీ ఊపిరి అందదన్నాడు. చీకట్లో, ఎగఊపిరితో, వరప్రసాదం చేతుల మీద, చుట్టూ పాటలతో. కాదు. ఇప్పుడు వీడు సుఖంగా ఉన్నాడు. ఇప్పుడు, ఈ గంటలో, నోరు ఉప్పగా, ఎండ చల్లబడుతూ, దొంగిలించి తిని, కుక్కగా సుఖంగా ఉన్నాడు.

బండి వచ్చి ఆగింది. జనం ఎగబడ్డారు. మంగాయమ్మ గంప ఎక్కించి, తను ఎక్కి, కిటికీలోంచి తొంగి చూసి, "ఎక్కండమ్మగారూ, చోటు పట్టాను, కుక్కపిల్లోణ్ణి ఇట్టా అందియ్యండి," అంది.

"వస్తానక్కా, వెనకబండికి వస్తాను. ఇక్కడ చిన్న పనుంది."

గోనెపట్టాతో సహా ఎత్తుకుంటే ఏమీ బరువు లేడు. బయట రిక్షా ఎక్కి పశువుల ఆసుపత్రికి అని చెప్పి, ఒళ్లో పెట్టుకుని చెంగుముడి విప్పింది. ఒక్కొక్కటీ తుంచి పెడుతుంటే తోమా కళ్లు అరమోడ్చి నములుతున్నాడు. పాప ఎవరి తాలూకు అమ్మా అని రిక్షా అతను, ఎక్కేటప్పుడు గోనెపట్టా మూట చూసి ఏమనుకున్నాడో గాని, వెనక్కి తిరక్కుండానే అడిగాడు. మా వాడే, అంది రిబ్కా. మొదటి సందు దాటింది. అరటికాయల బండి, మూసిన తలుపుల వరస, గోడ నీడలో పడుకున్న గేదెలు. వరప్రసాదానికి ఏం చెప్పాలో ఆమెకి తెలుసు, రేపు ఊరేగింపుకి ముందు ఎవరు నడుస్తారని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో కూడా తెలుసు, దారి అందరికీ తెలిసిందేగా అని చెబుతుంది. మనసులో ఎక్కడా గరుకు లేదు. ఆసుపత్రి గేటు ముందు రిక్షా ఆగేసరికి చెంగులో ఒక్క నెత్తలి మిగిలింది. వాడి మూతి దగ్గర పెట్టింది. తోమా వాసన చూసి, ఒకసారి నాకి, మొహం పక్కకి తిప్పుకుని ఆమె మోచేతి వంపులో పెట్టుకున్నాడు. "చాలా?" అంది. చాలు. కడుపు నిండింది వాడికి. రిబ్కా ఆ చేపని తన నోట్లో వేసుకుని, వండనిదాన్నే, తలతో సహా నమిలి మింగింది. రిక్షా దిగి, వాణ్ణి భుజానికెత్తుకుని, గేటు తోసి లోపలికి నడిచింది.

"హనుమంతరావుగారున్నారా అండీ?"